రెంటికీ చెడ్డ రేవడిని అవుతానా?

గుంటూరు జిల్లాలో ప్రత్తిపాడు వైపు ఒక పల్లె నుంచి 24 ఏళ్ల అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు. వాళ్ల నాన్నగారికి 3 ఎకరాల సొంత పొలం, మరో 2 ఎకరాల కౌలు ఉన్నాయి. మిరప వేస్తారు. అమ్మాయి దగ్గర్లోని కాలేజీలో బి.టెక్ కంప్యూటర్ సైన్స్ చదివి, రెండేళ్లుగా విజయవాడలో హాస్టల్లో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. జీతం 38 వేలు. అందులో 15 వేలు ఇంటికి పంపిస్తారు.

2021 చివర్లో, ఇంకా కాలేజీ బస్సులో వెళ్లొస్తున్న రోజుల్లో, వాళ్ల చేలో నల్ల తామర పురుగు పడింది. నాన్న ఏ తేదీన ఏ మందు కొట్టారో, ఎంతయిందో ఒక నోటుబుక్కులో రాసుకుంటూ వచ్చారట. 14 సార్లు కొట్టారు. పంట సగం కూడా చేతికి రాలేదు. ఆ బాధతోనే ఫైనలియర్ ప్రాజెక్టుగా, మిరపాకు ఫోటో తీస్తే తెగులేదో చెప్పే ప్రోగ్రాం తయారుచేశారు. ఇంటర్నెట్‌లో దొరికిన ఫోటోల మీద 94 శాతం సరిగ్గా చెప్పింది. మార్కులు బాగా వచ్చాయి. తీరా ఫోన్ పట్టుకుని నాన్న చేలోకి దిగితే పది ఆకుల్లో ఆరింటికి తప్పు చెప్పింది.

"ఎందుకు తప్పు చెప్పిందో తేల్చుకోకుండా నేను ఉండలేకపోతున్నాను మేడమ్. దానికి కంప్యూటర్లు చదవాలా, పురుగుల్ని చదవాలా, రైతులు మందులెలా కొంటారో చదవాలా? పెద్ద యూనివర్సిటీల్లో ఇవన్నీ కలిపి చదివే ఇంటర్‌డిసిప్లినరీ కోర్సులున్నాయంటున్నారు. మా హెచ్‌ఓడీ గారేమో, ఈ కలగాపులగం డిగ్రీలు ఏ నోటిఫికేషన్‌కీ పనికిరావు, శుభ్రంగా ఎం.టెక్ సీఎస్ఈ చెయ్యి అన్నారు. డాలస్‌లో ఉన్న మామయ్య ఎమ్మెస్‌కి వచ్చెయ్యమంటున్నాడు. అమ్మ, పీహెచ్‌డీ అంటే ఐదేళ్లు, పెళ్లెప్పుడు అంటోంది. నాన్న ఏమీ అనడు. పొలం తనఖా పెట్టమంటే పెట్టేస్తాడు. అదే నాకు టెన్షన్. పీజీ చదువుల ప్రవేశానికి పెట్టే గేట్ పరీక్ష రాశాను, స్కోరు ఫర్వాలేదు. అన్నీ కలిపి చదివి చివరికి రెంటికీ చెడ్డ రేవడిని అవుతానా?" అని అడిగారు.

చూడండమ్మా, మీరు చెప్పిన ఆ రేవడి కథ దగ్గరే మొదలుపెడతాను. వాగుకు రెండు ఒడ్డుల మీదా బట్టలు ఆరేసుకున్నాడట. వరదొచ్చింది. ఇటు తీద్దామా అటు తీద్దామా అని మధ్యలో పరుగులు పెట్టేలోపు రెండు మూటలూ కొట్టుకుపోయాయి. రెండు ఒడ్డుల మీదా పని ఉండటం వల్ల అతను చెడలేదు. ముందు ఏ ఒడ్డు తేల్చుకోవాలో తెలియక చెడ్డాడు. ఇంటర్‌డిసిప్లినరీ చదువులో దెబ్బతిన్న పిల్లల్ని నేను చూశాను. చాలామంది విషయంలో జరిగింది ఇదే.

మీ ప్రోగ్రాం ఎందుకు తప్పు చెప్పిందో ముందు చూద్దాం. మీరు ఏం చదవాలన్నది అందులోనే ఉంది.

మొదటి కారణం మీ రంగంలోదే. ఇంటర్నెట్‌లో దొరికే ఆకుల ఫోటోలు ఎక్కువగా ఒక్కో ఆకును తుంచి, వెనక సాదా అట్ట పెట్టి, మంచి వెలుతురులో తీసినవి. 2016లో ఇలాంటి ఫోటోలతో చేసిన ఒక పేరున్న పరిశోధనలో, అదే రకం ఫోటోల మీద పరీక్షిస్తే 99 శాతం పైగా సరిపోయింది. వేరే పరిస్థితుల్లో తీసిన ఫోటోలు ఇస్తే 31 శాతం దగ్గరికి పడిపోయింది. కాబట్టి మీకు జరిగింది మీ చేతకానితనం వల్ల అనుకోకండి. ఆ రంగంలో అందరూ తలబద్దలు కొట్టుకుంటున్న సమస్యే అది.

రెండో కారణం పురుగుది. మిరపలో ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని మీ నాన్నగారికి మీకంటే బాగా తెలుసు. పై ముడత, కింద ముడత అని ఊళ్లో అందరూ అనేదే. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ వల్ల కూడా ఆకు ముడుచుకుంటుంది. ఫోటోలో ఈ మూడూ ఒకేలా కనపడొచ్చు. పైగా 2021లో పడ్డ ఆ నల్ల తామర పురుగు కొత్తది, పాత తామర పురుగులా ఆకులతో ఆగేది కాదు. పూతలో గుంపులుగా చేరుతుంది. పూత రాలుతుంది, నిలిచిన కాయ వంకర తిరుగుతుంది. పురుగు పువ్వులో ఉంటే మీరు ఆకు ఫోటో తీశారు! కీటకశాస్త్రం చదివినవాళ్లు ఒక్కరు మీ పక్కనుంటే మొదటి రోజే "పువ్వు దులిపి చూడమ్మా" అనేవారు. నీలిరంగు జిగురు అట్టలు పెట్టి వాటికి అంటుకున్న పురుగుల్ని లెక్కపెట్టమనేవారు. అప్పుడు మీ ప్రోగ్రాం చూడాల్సిన ఫోటో మారిపోయేది.

మూడో కారణం గురించి చివర్లో చెబుతాను. మొత్తం మీద, ఒక శాఖ పనిముట్లతో తెగని ప్రశ్న చేతిలో ఉన్నప్పుడే ఇంటర్‌డిసిప్లినరీ చదువుకు అర్థం ఉంటుంది. చాలామంది పిల్లలు కోర్సు పేరు బాగుందని చేరి, ప్రశ్న కోసం రెండేళ్లు వెతుక్కుంటారు. మీకు ప్రశ్న ముందే దొరికింది. అది చిన్న అదృష్టమేమీ కాదు.

మరి ముందు ఏ ఒడ్డు? నా అభిప్రాయం కంప్యూటర్ సైన్సే. మీకు పునాది ఉన్నది అక్కడ. పైగా వ్యవసాయ డిగ్రీ లేనిదే వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్‌సీ. కీటకశాస్త్రంలో చేర్చుకోరు, కాబట్టి ఆ దారి మీకు ఎలాగూ లేదు. పురుగుల సంగతి మీరు పరిశోధన చేయించే గైడ్ దగ్గరా, పొలంలోనూ నేర్చుకోవాలి. అది సాధ్యమే.

ఇప్పుడు దారులు. ఇక్కడ డిగ్రీ పేర్ల కంటే పంట కాలాన్ని ఎక్కువగా చూడమంటాను. ఈ మాట కాలేజీ వాళ్లు మీకు చెప్పరు. మనవైపు మిరప నారు ఆగస్టు, సెప్టెంబరుల్లో నాటుతారు. సంక్రాంతి దాటాక కోతలు ఊపందుకుని ఎండాకాలం దాకా నడుస్తాయి. అంటే పొలంలో పరీక్షించి చూసే అవకాశం ఏడాదికి ఒక్కసారే. ఎం.టెక్ రెండేళ్లు. మొదటి ఏడాది క్లాసులు, పరీక్షలు. థీసిస్ రెండో ఏడాది. మీకు దొరికేది ఒక్క పంట. ఆ ఏడు పురుగు పడకపోయినా, తుపాను వచ్చి చేను పడిపోయినా మీ థీసిస్‌కు డేటా లేదు. అప్పుడు మళ్లీ ఇంటర్నెట్ ఫోటోల మీదే పనిచేసి 95 శాతం అని రాసి బయటపడతారు. ఇప్పుడు మిమ్మల్ని బాధపెడుతున్నది సరిగ్గా అదే కదా.

అలాగని ఎం.టెక్ సీఎస్ఈ పనికిరాని దారి కాదు. ఇంజినీరింగ్ కాలేజీలో పాఠం చెప్పాలంటే బి.టెక్, ఎం.టెక్ సంబంధిత బ్రాంచిలో ఉండాలని సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ నిబంధన ఉంది. మీ హెచ్‌ఓడీ గారి భయం అక్కడిది, అందులో నిజం ఉంది. ఆయన మీ మంచి కోరే చెప్పారు. ఎం.టెక్ సీఎస్ఈ చేతిలో ఉంటే క్యాంపస్ ఉద్యోగాలకూ, అధ్యాపక ఉద్యోగాలకూ తలుపు తెరిచే ఉంటుంది. గేట్‌తో వచ్చే స్టైపెండ్ నెలకు 12,400. ఇంటికి పంపే 15 వేలు మాత్రం ఆగిపోతాయి. ఆ సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి.

దీనికంటే మీకు నప్పేది రీసెర్చ్ డిగ్రీ అనిపిస్తోంది. ఐఐటీ మద్రాస్‌లో ఎం.ఎస్. బై రీసెర్చ్ ఉంది. క్లాసులు తక్కువ, థీసిస్ ప్రధానం. గైడ్ ఒప్పుకుని, మీ పని బాగుంటే మధ్యలోనే పీహెచ్‌డీకి మారే వీలుంటుంది. హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీలోనూ ఎం.ఎస్. బై రీసెర్చ్ ఉంది, దానికి వాళ్ల సొంత ప్రవేశ పరీక్ష పీజీఈఈ రాయాలి. ఆ సంస్థకు వ్యవసాయంతో పాత బంధమే ఉంది. ఇరవై ఏళ్ల కిందటే ఈ-సాగు అనే ప్రాజెక్టు నడిపారు. ఊళ్లో కుర్రాళ్లు చేల ఫోటోలు తీసి పంపితే, వ్యవసాయ నిపుణులు వాటిని చూసి ఏ చేనుకు ఆ చేనుగా సలహా చెప్పేవారు. అక్కడ ఫోటో చూసింది మనిషి, మీ దగ్గర చూసేది యంత్రం. ఆ అనుభవం గురించి తప్పకుండా చదవండి. డిగ్రీ కంప్యూటర్ సైన్స్‌లోనే ఉండి ప్రశ్న మాత్రం పొలానిది అయ్యే ఏర్పాటు ఇది. రెండు, మూడు పంటలు చేతికొస్తాయి.

ఐఐటీ బొంబాయిలో సీటారా అనే గ్రామీణ సాంకేతిక కేంద్రం నడిపే ఎం.టెక్ కూడా పూర్తిగా ఇంటర్‌డిసిప్లినరీయే. టెక్నాలజీ, అభివృద్ధి, ఆర్థికం కలిపి చెబుతారు, ఊళ్లలో ఉండి పనిచేయడం చదువులో భాగం. మీ ఉత్తరంలో రైతులు మందులెలా కొంటారన్న ప్రశ్నే పెద్దదైతే అది మంచి చోటు. కానీ యంత్రం ఎందుకు తప్పు చెప్పిందన్నదే మీకు నిద్ర పట్టనివ్వకపోతే అక్కడ మీకు ఆకలి తీరదు. డిగ్రీ మీద బ్రాంచి పేరు కూడా వేరుగా ఉంటుంది కాబట్టి, హెచ్‌ఓడీ గారన్న ఇబ్బంది ఎక్కువగా ఇలాంటి చోటే వస్తుంది.

ఇక నేరుగా పీహెచ్‌డీ. బి.టెక్ మంచి మార్కులతో చేసినవాళ్లను ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ నేరుగా తీసుకుంటాయి. ఐఐటీ హైదరాబాద్‌లో రెండు వేర్వేరు శాఖల గైడ్‌ల కింద చేసే ఇంటర్‌డిసిప్లినరీ పీహెచ్‌డీ ఉంది. ఫెలోషిప్ మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, తర్వాత 42 వేలు. మీ జీతానికి వెయ్యి మాత్రమే తక్కువ, ఇంటికి పంపేది పెద్దగా తగ్గదు. నాలుగు పంటలు చూడొచ్చు. మీ ప్రశ్న నిజంగా తేలే దారి ఇదేనని నాకు అనిపిస్తుంది. అందుకే ఇందులో ఉన్న కష్టం కూడా దాచకుండా చెప్పాలి.

నా దగ్గర చదివిన ఒకబ్బాయి వేరే రాష్ట్రంలో ఇలాగే ఇద్దరు గైడ్‌ల కింద చేరాడు. ఒకాయన ఇంజినీరు, ఒకావిడ వైద్యరంగం. ఆయన దృష్టిలో కొత్త పద్ధతి లేకపోతే అది పరిశోధనే కాదు. ఆవిడ దృష్టిలో వెయ్యిమంది మనుషుల మీద చూడకపోతే అది పరిశోధన కాదు. ఇద్దరూ మంచివాళ్లే. ఇద్దరి మధ్యా ఈ కుర్రాడు నలిగిపోయాడు. ఐదేళ్లలో అవ్వాల్సింది ఏడేళ్లు పట్టింది. ఫోన్ చేసినప్పుడల్లా "మేడమ్, ఈ నెల ఎవరి విద్యార్థినో నాకే తెలియట్లేదు" అనేవాడు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది, ఎందుకంటే చేరేముందు అడగాల్సినవి అడగమని నేనతనికి చెప్పలేదు.

మీకు చెబుతున్నాను. ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడో, అంతకుముందు మెయిల్లోనో అడగండి. ఇద్దరు గైడ్‌లలో మొదటి గైడ్ ఎవరు, నేను ఏ శాఖ విద్యార్థిగా నమోదవుతాను? కాంప్రహెన్సివ్ పరీక్ష ఏ సబ్జెక్టుల్లో? ఒక గైడ్ రిటైరయినా, వేరే సంస్థకు వెళ్లిపోయినా ఏం చేస్తారు? డిగ్రీ పట్టా మీద శాఖ పేరు ఉంటుందా? చేలో పరీక్షించడానికి వ్యవసాయ విశ్వవిద్యాలయంతో గానీ కృషి విజ్ఞాన కేంద్రంతో గానీ ఒప్పందం ఉందా, లేక నేనే మా నాన్న పొలం చూపించుకోవాలా? ఈ ప్రశ్నలకు విసుక్కునే గైడ్ దగ్గర చేరకండి. ఆ తర్వాత అక్కడ మూడో ఏడాది, నాలుగో ఏడాది చదువుతున్న ఇద్దరితో విడిగా ఫోన్లో మాట్లాడండి. ఇంతకుముందు ఎంతమంది పూర్తిచేశారు, ఎన్నేళ్లు పట్టింది, ఇప్పుడు ఎక్కడున్నారు అని. వెబ్‌సైట్లో రాసినదాని కంటే వాళ్లు ఆగి ఆగి చెప్పే జవాబు ఎక్కువ చెబుతుంది.

మామయ్యగారి సలహా సంగతి. అమెరికాలో మాస్టర్స్‌కు ఎక్కువమంది సొంత డబ్బుతోనో అప్పుతోనో వెళ్తారు. పీహెచ్‌డీకైతే సాధారణంగా ట్యూషన్ ఫీజు లేకుండా స్టైపెండ్ ఇస్తారు, మాస్టర్స్ లేకుండా బి.టెక్‌తోనే దరఖాస్తు చేయొచ్చు. కాలిఫోర్నియాలోని యూసీ డేవిస్ లాంటి చోట్ల గ్రాడ్యుయేట్ గ్రూప్ అని ఒక పద్ధతే ఉంది. వేర్వేరు శాఖల అధ్యాపకులు కలిసి ఒకే డిగ్రీ నడుపుతారు. మీరు అమెరికా వెళ్లాలనుకుంటే ఆ దారిలో వెళ్లండి. అప్పు చేసి ఎమ్మెస్‌కు వెళ్తే చదువైన రోజు నుంచి ఆ అప్పే మీ ఉద్యోగాన్ని నిర్ణయిస్తుంది. ఇప్పటి నిబంధనల్లో మీ రంగం వాళ్లకు చదువయ్యాక ఏడాది, ఆపైన మరో 24 నెలలు పనిచేసే వీలుంది. ఆ మూడేళ్లూ అప్పు తీర్చే ఉద్యోగం వెతుక్కోవడంతోనే సరిపోతే మిరపచేను గుర్తుకు రావడానికి కూడా తీరిక ఉండదు. అందరి విషయంలో అది తప్పని నేననను. కానీ పురుగు దెబ్బకు పంట పోయినా నిలబెట్టుకున్న పొలాన్ని, ఆ పురుగును వదిలేసి వెళ్లడం కోసం తనఖా పెట్టడం నాకు మింగుడుపడటం లేదు.

అమ్మగారికి ఏం చెప్పాలి? పీహెచ్‌డీ చేస్తూ పెళ్లి చేసుకున్నవాళ్లు, బిడ్డను కన్నవాళ్లు ఎంతోమంది ఉన్నారు. 2022 నాటి యూజీసీ నిబంధనల్లో పీహెచ్‌డీ చేసే మహిళలకు 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉంది, గడువు కూడా అదనంగా రెండేళ్లు పెంచుతారు. ఐఐటీలకు వాటి సొంత నియమాలు ఉంటాయి, అవి విడిగా కనుక్కోండి. "నెలకు 37 వేలు వచ్చే చదువు" అంటే అమ్మగారికి సగం దిగులు తగ్గుతుంది. చాలా ఇళ్లలో పీహెచ్‌డీ అంటే ఐదేళ్లు ఎదురు ఫీజు కట్టాలనుకుంటారు. మిగతా సగం దిగులు తగ్గడానికి టైం పడుతుంది, తొందరపెట్టకండి.

ఇంకా తేల్చుకోలేకపోతే మరో మధ్యేమార్గం ఉంది. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి ఇప్పటికిప్పుడు కంగారు లేదు. పరిశోధన ప్రాజెక్టుల్లో ప్రాజెక్ట్ అసోసియేట్ ఉద్యోగాలు పడుతుంటాయి. ఒక పంట కాలం అలా పనిచేసి చూడండి. గైడ్ ఎలాంటివారో, పరిశోధనలో రోజు ఎలా గడుస్తుందో చేరకముందే తెలుస్తుంది. నష్టం ఏమిటంటే అవి తాత్కాలిక ఉద్యోగాలు, ప్రాజెక్టు అయిపోతే పని అయిపోతుంది. ఉద్యోగం మానడానికి ధైర్యం చాలకపోతే శనివారం సెలవు పెట్టుకుని లాం ఫారానికి, అదే అక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రానికి వెళ్లండి. గుంటూరు నుంచి ఎంతో దూరం లేదు. మన మిరప రకాలెన్నో పుట్టింది అక్కడే. కీటకశాస్త్రం వాళ్లను కలిసి, మీ ప్రోగ్రాం తప్పు చెప్పిన ఆ ఆరు ఆకుల ఫోటోలు చూపించండి. సరిగ్గా చెప్పిన నాలుగూ ఇంట్లో పెట్టేయండి. మళ్లీ గేట్ రాయాలనుకుంటే, 2021 నుంచి ఒకే ఏడాది రెండు పేపర్లు రాయనిస్తున్నారు. సీఎస్‌తో పాటు, 2024లో కొత్తగా చేర్చిన డేటా సైన్స్-ఏఐ పేపర్ కూడా రాయొచ్చు. చదివేది చాలావరకు కలిసే వస్తుంది.

ఇక మూడో కారణం. మీ ప్రోగ్రాం పది ఆకులకూ సరైన జవాబే చెప్పిందనుకుందాం. "ఇది నల్లి, ఈ మందు కొట్టు" అంది. మీ నాన్నగారు ఆ మందే కొడతారా? మనవైపు చాలామంది రైతులు మందుల కొట్లోనే అప్పు పెడతారు, పంట అమ్మాక తీరుస్తారు. అప్పిచ్చిన కొట్టాయన ఏ డబ్బా చేతిలో పెడితే ఆ డబ్బానే చేలోకి వెళ్తుంది. చేతిలో ఫోన్ ఏం చెప్పినా ఆ కొట్టు దాటి రావడం కష్టం. ఇది కంప్యూటర్ సైన్స్‌లో లేదు, కీటకశాస్త్రంలోనూ లేదు. వ్యవసాయ ఆర్థికశాస్త్రం వాళ్లకు తెలిసిన సంగతి. మీ నాన్నగారికి ఇంకా బాగా తెలుసు.

అందుకని ఏ దరఖాస్తు పెట్టేముందైనా, ఒక సాయంత్రం ఆయన్ని కూర్చోబెట్టి ఆ నోటుబుక్కు తెరవండి. పొలం తనఖా మాట ఎత్తొద్దు. తేదీ, మందు, ఖరీదు అని ఆయన మూడు గడులే గీసుకున్నారని మీరు రాశారు. నాలుగో గడి గీయండి. ఆ 14 మందుల్లో ఏవి నగదుకు తెచ్చారు, ఏవి అప్పు మీద తెచ్చారు, ఏది ఎవరు చెబితే తెచ్చారు అని ఒక్కొక్కటే అడగండి. ఏమీ అనని మనిషి దీనికి మాట్లాడతారు. ఆ గడి నిండాక నాకు మళ్లీ ఉత్తరం రాయండి. గైడ్‌కు పంపే మెయిల్లో మొదటి పేరా ఏం రాయాలో అప్పుడు ఇద్దరం కూర్చుని చూద్దాం.